పదకొండింటి గడి

3, మంగళవారం

మా అమ్మాయి పరీక్షల టైంటేబుల్ రాసుకుని వదిలేసిన డైరీ ఇది. మిగిలిన పేజీలు పాడు చేయడమెందుకని తీసుకున్నాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి చేతిరాత గురించి బెంగ లేదు.

రాయాలనిపించడానికి కారణం, ఐసీయూలో ఇవాళ్టి నుంచి నా మీద నిఘా. పేరుకి పరిశోధన. పై చదువు చదువుతున్న ఒక నర్సు పిల్ల వచ్చింది. ఐసీయూలో రోగికి షుగర్ ఎప్పుడు చూడాలో నర్సులు ఎలా నిర్ణయించుకుంటారు, అది ఆవిడగారి విషయం. మూల స్టూలు మీద కూర్చుంటుంది. మేం ఎవరి వేలికి సూది పొడిచినా లేచి వచ్చి "ఇప్పుడే ఎందుకు చూశారు మేడమ్?" అని అడిగి ఫారంలో రాసుకుంటుంది. చూడడమే తప్ప పనిలో వేలు పెట్టకూడదని మేట్రన్ గట్టిగా చెప్పింది. పొద్దుటికే అందరూ ప్రశ్నల పిల్ల అని పేరు పెట్టేశారు. పెట్టింది నేనే.

పంతొమ్మిదేళ్ళ సర్వీసులో నన్ను ఎందుకని అడిగినవాళ్ళు లేరు. మా ఆయన కూడా అడగడు.

"చెయ్యి పెడితే తెలుస్తుందమ్మా" అన్నాను.

"ఏం తెలుస్తుంది?"

"ఒళ్ళు చల్లబడుతోందా, చెమట పడుతోందా, అన్నీ. నీ మిషన్ కంటే ముందు నా చేతికి తెలుస్తుంది."

ఆ పిల్ల ఫారంలో 'చెయ్యి' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. నేను చూశాను.

మా వార్డు ఇన్‌చార్జి వచ్చే నెల రిటైరవుతోంది. ఆ కుర్చీ నాదేనని మేట్రన్ సగం చెప్పింది, మిగతా సగం వార్డంతా చెబుతోంది. షుగర్ ఎప్పుడెప్పుడు చూడాలో వార్డుకంతటికీ ఒక రూలు రాసిమ్మని నన్నే అడిగింది కూడా. ఒక్క ముక్క రాస్తే చాలు, చెయ్యి పెట్టి చూడండి అని. కానీ మేట్రన్‌కి రెండు పేజీలు కావాలట.

4, బుధవారం

నాలుగో మంచం డ్రిల్లు మాస్టారు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, వెంటిలేటర్, మత్తు. ముక్కులోంచి గొట్టంతో పాలలాంటి ఆహారం, పక్కన చిన్న పంపులోంచి చుక్క చుక్కగా ఇన్సులిన్. ఆహారం షుగర్ పెంచుతుంది, ఇన్సులిన్ దించుతుంది. రెంటినీ సమానంగా లాక్కురావడం మా పని. మత్తులో ఉన్న మనిషి కళ్ళు తిరుగుతున్నాయమ్మా అని చెప్పలేడు కాబట్టి గంట గంటకీ వేలు పొడిచి చూడాలని ఆర్డరు.

ఆర్డర్లు రాసేవాళ్ళకి చేతులు రెండే ఉంటాయని తెలియదు. నాకు ముగ్గురు రోగులు. ఒకరిని పక్కకి తిప్పేసరికి ఇంకొకరి గొట్టం మొరాయిస్తుంది. చార్టులో గడులన్నీ నిండు గంటలకే ఉంటాయి. తొమ్మిదింటి గడి తొమ్మిదిన్నరకి నిండుతుంది, అయినా తొమ్మిదే. ఇది అందరికీ తెలుసు, అందరూ చేసేదే.

నాది మాత్రం కాస్త పైమెట్టు. నేను ముందు నుదుటి మీద చెయ్యి పెడతాను, అంకె మనసులో పడుతుంది, గడిలో వేసేస్తాను. తర్వాత తీరిగ్గా సూది. ఇవాళ పదకొండింటి గడిలో 142 వేశాను. చూస్తే 144. రెండు తేడా.

ప్రశ్నల పిల్ల అప్పుడు టీకి వెళ్ళింది. దురదృష్టం ఆ పిల్లదే.

6, శుక్రవారం

131 వేశాను. చూస్తే 135. నాలుగు తేడా. ఏసీ ఎక్కువగా ఉంది.

మధ్యాహ్నం మాస్టారి భార్య అద్దం అవతల నిలబడింది. చేతిలో స్కూలు నోటుబుక్కు. రోజూ అడిగేది ఒక్కటే మాట. "షుగరెంతుందమ్మా?" ఊపిరి లెక్కలు, బీపీ లెక్కలు ఆవిడకి అర్థం కావు. షుగర్ ఒక్కటి తెలుసు, పక్కింటాయనకి ఉందట. నేను అంకె చెబుతాను, తేదీ వేసి రాసుకుంటుంది.

"ఆయన లేచాక చూపిస్తానమ్మా. ఇన్ని రోజులు ఏం చేశావని అడుగుతారు. ఆయనకి అన్నిటికీ లెక్క కావాలి."

మంచి మనిషి. అందరూ ఇలా ఉంటే ఉద్యోగం హాయి.

8, ఆదివారం

సెలవు. పదింటిదాకా పడుకున్నాను. అయినా నీరసం. పనిమంతులకి సెలవు పడదు.

మా ఆయనది గడియారాల రిపేరు కొట్టు. పొద్దున నా చేతి గడియారం మోచేతిదాకా జారుతుంటే చూసి, గొలుసులోంచి ఒక లింకు పీకేశాడు. నెలన్నర కిందట ఒకటి తీశాడు, ఇది రెండోది. పీకిన లింకుల్ని చిన్న డబ్బీలో దాచాడు.

"ఏమిటోయ్ ఇంతలా తగ్గావు?"

"మీ చెల్లెలు డబ్బు పోసి జిమ్ముకెళ్ళినా తగ్గలేదు. నేను ఊరికే తగ్గాను. కుళ్ళుకోమనండి."

నవ్వలేదు. డబ్బీ మూత పెట్టి సొరుగులో పెట్టాడు. ఈయనకి నా అందం మీద ఎప్పుడూ నమ్మకం లేదు.

నిన్న ఆసుపత్రి వరండాలో వెనక నుంచి ఎవరో "సిస్టర్, మీ చెప్పు" అని పిలిచారు. ఒక కాలి చెప్పు ఇరవై అడుగుల వెనక పడి ఉంది. ఊడిన సంగతి నాకు తెలియనే లేదు. అంత పరధ్యానం. వార్డు బాధ్యతలు నెత్తిన ఉంటే కాళ్ళ సంగతి ఎవరికి గుర్తుంటుంది.

9, సోమవారం

ప్రశ్నల పిల్ల వారం లెక్క తీసి, అడగకుండానే చూపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను సూది పొడిచిన ముప్ఫై ఒక్కసార్లలో పంతొమ్మిది సార్లు రోగిని పక్కకి తిప్పడానికి ఎలాగూ మంచం దగ్గరికి వెళ్ళినప్పుడే చూశానట. ఆరుసార్లు పెద్ద డాక్టరు తలుపు తీస్తుండగా చూశానట. రెండుసార్లు అద్దం అవతల మాస్టారి భార్య నిలబడి ఉన్నప్పుడట. మిగతా నాలుగుసార్లే గంట ప్రకారం.

"మరి చెయ్యి?" అన్నాను.

"చెయ్యి పెట్టిన ప్రతిసారీ బాగానే ఉందన్నారు మేడమ్. చెయ్యి పెట్టినందువల్ల పొడిచింది ఒక్కసారీ లేదు. చెయ్యి పెట్టి మానేసినవి మాత్రం తొమ్మిది."

పిల్లకి కొమ్ములు మొలిచాయి. చదువు ఎక్కువైతే ఇంతే. నీళ్ళ సీసా ఖాళీ చేసి బయటికొచ్చేశాను. ఇవాళ్టికి అది నాలుగో సీసా. ఆ పిల్లతో వాదిస్తే గొంతు ఎండిపోతుంది.

10, మంగళవారం

రూలు రాయడం మొదలుపెట్టాను. 'అనుభవజ్ఞురాలైన నర్సు స్పర్శతో...' దాకా వచ్చి ఆగింది. స్పర్శతో ఏమిటో రేపు చూద్దాం.

కళ్ళజోడు మార్చాలి. అక్షరాలు అలికినట్టున్నాయి. వయసు.

11, బుధవారం

138 వేశాను. చూస్తే 38.

11, మళ్ళీ

టీ పెట్టుకుని కూర్చున్నాను. రాస్తాను.

పదింటికి మాస్టారికి 136. అది నిజంగా పొడిచి చూసిందే. పదింబావుకి స్కాన్ వాళ్ళు ఫోన్ చేశారు, పిలుస్తాం, గొట్టం ఆహారం ఆపి ఉంచండి అన్నారు. ఆపాను. స్కాన్‌కి మనిషిని చదునుగా పడుకోబెడతారు, కడుపులో పాలు ఉంటే పైకి తన్నుకొస్తాయి. ఆపడం సరే. పక్కనున్న ఇన్సులిన్ పంపు ఆపలేదు. దించేది నడుస్తోంది, పెంచేది ఆగిపోయింది. ఇది మొదటి ఏడాది చదివే పిల్లలకి కూడా చెబుతారు. చెప్పేది నేనే.

స్కాన్ వాళ్ళు ఎంతకీ పిలవలేదు. పదకొండింటికి నేను మాస్టారి నుదుటి మీద చెయ్యి పెట్టాను. పొడిగా, వెచ్చగా ఉంది. ఉన్నట్టే అనిపించింది. పదకొండింటి గడిలో 138 వేశాను. తర్వాత తీరిగ్గా పొడుద్దామని బాత్రూముకి వెళ్ళాను. అది పొద్దుట్నుంచి ఐదోసారి. దారిలో రెండో మంచం వాళ్ళు పట్టుకున్నారు.

తిరిగొచ్చేసరికి పదకొండూ నలభై. ప్రశ్నల పిల్ల స్టూలు మీద లేదు, మాస్టారి మంచం పక్కన ఉంది. చెయ్యి ఆయన నుదుటి మీద ఉంది.

"మేడమ్, చెమట."

నేనూ చెయ్యి పెట్టాను. "ఏం లేదు, పొడిగానే ఉంది" అన్నాను. నిజంగానే నాకు పొడిగానే ఉంది.

ఆ పిల్ల తన అరచెయ్యి తిప్పి చూపించింది. తడి మెరుస్తోంది. నేను నా చెయ్యి చూసుకున్నాను. అదీ మెరుస్తోంది.

ఇంకేం అడగలేదు. పనిలో వేలు పెట్టకూడదని చెప్పించుకున్న పిల్లే ట్రేలోంచి సూది తీసి పొడిచింది. 38. "అక్కా, పంపు" అంది. అంతవరకూ మేడమ్, అప్పుడు అక్క. పంపు ఆపాను. ఆ పిల్ల గ్లూకోజ్ అందించింది, నేను ఎక్కించాను. పావుగంటకి 97. మరో పావుగంటకి 128. వార్డు డాక్టరొచ్చి కంటిపాపలు చూసి, రేపు మత్తు తగ్గించి చూద్దాం, అప్పుడుగానీ మెదడు సంగతి తెలియదన్నాడు.

మెదడుకి తినడానికి షుగర్ తప్ప వేరే లేదు. నాకు తెలుసు. ఇది కూడా పిల్లలకి చెప్పేది నేనే.

చార్టులో పదకొండింటి గడి ఉంది. 138. అందులో ఒకటి మీద ఒక గీత గీశాను. 38 అయింది. రాసేటప్పుడు చెయ్యి జారినట్టు ఉంది, అంతే. అబద్ధం ఎక్కడుంది. టైము పదకొండే.

ప్రశ్నల పిల్ల చూసింది. "మీ చార్టు మీ ఇష్టం అక్కా. నా ఫారంలో నేను చూసిందే రాస్తాను. పదకొండూ నలభై అని."

మధ్యాహ్నం మాస్టారి భార్య నోటుబుక్కు తెరిచింది. "షుగరెంతుందమ్మా?"

"138" అన్నాను.

రాసుకుంది.

12, గురువారం

ఏసీ వల్లే. చల్లటి చేతికి తడి తెలియదు. ఇది శాస్త్రం.

మత్తు తగ్గించారు. మాస్టారు కళ్ళు తెరవలేదు. భార్య అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. నేను అటు వెళ్ళకుండా మూడు పనులు కల్పించుకున్నాను.

13, శుక్రవారం

కళ్ళు తెరవలేదు.

టీ గ్లాసు ఎవరో చేతిలోంచి లాక్కున్నారు. "కాలుతోంది సిస్టర్, ఎలా పట్టుకున్నారు?" అంటే, నర్సు చేతులమ్మా, గట్టివి అన్నాను. అందరూ నవ్వారు. ప్రశ్నల పిల్ల నవ్వలేదు. ఫారంలో ఏదో రాసింది. టీ తాగడానికి కూడా ఫారముంటుందా.

14, శనివారం

కొత్త మీటర్లు వచ్చాయి. మధ్యాహ్నం ప్రశ్నల పిల్ల ఒకటి పట్టుకొచ్చింది. "సరిగ్గా చూపిస్తోందో లేదో చూడాలక్కా. ఎవరైనా వేలు ఇవ్వండి."

ఇచ్చాను. తల పక్కకి తిప్పుకుని రెండో మంచం వాళ్ళతో మాట్లాడుతున్నాను. ఎంతసేపటికీ పొడవదు.

"కానీవమ్మా, ఎంతసేపు?"

"అయిపోయింది అక్కా."

చూసుకున్నాను. వేలి మీద రక్తం బొట్టు. అది నా వేలే. మీటరు 364 అంటోంది.

"మీటరు పాడైంది" అన్నాను.

ఆ పిల్ల తన వేలు పొడుచుకుంది. 92. పాత మీటరు తెచ్చి నా వేలే మళ్ళీ పొడిచింది. ఈసారి కళ్ళప్పగించి చూశాను. సూది లోపలికి దిగింది, బయటికొచ్చింది. ఎవరి వేలికో జరుగుతున్నట్టుంది. 359.

ఐదు తేడా. రెండు మీటర్లూ బాగానే ఉన్నాయి.

"ఇప్పుడే ఎందుకు చూశావు?" అని అడిగాను. పదకొండు రోజుల్లో మొదటిసారి ఆ ప్రశ్న నేను అడిగాను.

ఫారం తిప్పి చూపించింది. గంటలో నాలుగోసారి నీళ్ళు. పదకొండింటిలోపు ఐదుసార్లు బాత్రూము. చెప్పు ఊడింది, తెలియలేదు. చెమట తెలియలేదు. టీ గ్లాసు. అన్నీ టైముతో సహా. మూడో తేదీ నుంచి నా గడులన్నీ నింపి పెట్టుకుంది. నేను వేసిన గడుల్లాంటివి కావవి.

"ముందే చెప్పచ్చుగా" అన్నాను.

"చూడ్డమే తప్ప వేలు పెట్టద్దన్నారు కదక్కా."

బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నా షుగర్‌కి కాదు. ఈ చేత్తో ఎంతమందిని చూశాను. ఎంతమందికి పొడిగా ఉందన్నాను.

15, ఆదివారం

రాయడానికేం లేదు. మా ఆయనకి చెప్పాను. సొరుగులోంచి డబ్బీ తీశాడు. రెండు లింకులనుకున్నాను, మూడున్నాయి. మూడోది మొన్న నేను నిద్రపోతుండగా తీశాడట. "చెబితే అరుస్తావని" అన్నాడు.

16, సోమవారం

డాక్టరు నా రక్తపరీక్ష రిపోర్టు చూశాడు. "ఇది మూడు నెలల జబ్బు కాదు సిస్టర్, ఏళ్ళ నాటిది. నరాలు మొద్దుబారాయి. మీరు ఐసీయూలో ఉండి కూడా..." అని ఆగాడు. మర్యాదస్తుడు.

అక్కణ్ణుంచి తిన్నగా మేట్రన్ గదికి వెళ్ళాను. పదకొండింటి గడి సంగతి చెప్పాను. ముందే వేసిన 138, ఒకటి మీద గీత, నలభై నిమిషాలు, ఆపని పంపు, అన్నీ. మాస్టారు లేవకపోతే అది నా వల్లేనని కూడా చెప్పాను.

మేట్రన్ ఒక ఫైలు తీసి నా ముందు పడేసింది. మూడు నెలల చార్టులు. "చూడు. మన వార్డులో ఒక్క రోగికైనా పదీ ఏడుకి గానీ పదకొండూ పద్దెనిమిదికి గానీ షుగర్ చూశారా? అందరికీ సరిగ్గా గంట కొట్టగానే రక్తం వస్తుంది. పైవాళ్ళు పోయిన నెలే మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశారు."

"ఇప్పుడేం చేస్తారు?"

"విచారణ పెడతాను. పెట్టాలి. ఇన్‌చార్జి సంగతి ఇక ఎత్తకు." ఫైలు మూస్తూ, "రూలు ఎక్కడిదాకా వచ్చింది?" అంది.

"స్పర్శతో దాకా."

"అది కొట్టేసి మళ్ళీ రాయి. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకో."

17, మంగళవారం

పొద్దున తొమ్మిదీ ఇరవై రెండుకి మాస్టారు కళ్ళు తెరిచారు. చెయ్యి నొక్కండి అంటే నొక్కారు. నొక్కారని ప్రశ్నల పిల్ల చెప్పింది. నా వేళ్ళు ఆయన చేతిలోనే ఉన్నాయి, నాకు సరిగ్గా తెలియలేదు.

మాస్టారి భార్యని లోపలికి తీసుకొచ్చాను. ఆవిడ ఏడుపు అయ్యేదాకా ఆగి, వరండాలోకి పిలిచి నోటుబుక్కు అడిగాను. పదకొండో తేదీ పేజీ తీశాను.

"ఇది తప్పండీ. ఆ రోజు షుగర్ 138 కాదు, 38."

ఆవిడ మొహం విప్పారింది. "తగ్గిందా? మంచిదే కదమ్మా. పక్కింటాయన తగ్గాలనే కదా నడుస్తుంటాడు."

తల ఊపేసి వచ్చేయచ్చు. ఆవిడే దారి చూపించింది. ఒక్క క్షణం ఆలోచించాను కూడా, అబద్ధమెందుకు.

"మంచిది కాదండీ. అంత తగ్గితే మనిషి దక్కడు. పోయేవారు. నేను చూడాల్సిన టైముకి చూడలేదు. చూడకుండానే అంకె వేశాను. ఆ పిల్ల చూసింది కాబట్టి బతికారు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. పెన్ను తీసి 138 కొట్టేసింది. నా గీతలా కాదు, మొత్తం కొట్టేసింది. పక్కన 38 వేసింది.

"టైమెంతమ్మా?"

"పదకొండూ నలభై."

రాసుకుంది. "ఆయన అడుగుతారు" అంది. నోటుబుక్కు మూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నన్ను షుగరెంతని అడగలేదు. ప్రశ్నల పిల్లని అడుగుతోంది.

20, శుక్రవారం

రూలు పూర్తయింది. పేజీన్నర వచ్చింది. మొదటి వాక్యం నాది: గొట్టం ఆహారం ఏ కారణంతో ఆపినా అదే చేత్తో ఇన్సులిన్ పంపు ఆపి, డాక్టరుకి చెప్పి, అరగంటలో షుగర్ చూడాలి. రెండోది ఆ పిల్లది: చూసిన నిమిషం రాయాలి, గంట కాదు. మూడోది మళ్ళీ నాది: చెయ్యి పెట్టి బాగానే ఉందనిపిస్తే, అప్పుడు కూడా పొడవాలి.

విచారణలో నన్ను అదే చదవమన్నారు. చదివాను. బాగా రాశారన్నారు. ఆరు నెలలు ఐసీయూ బయట వేశారు. బీపీలు చూసే గదిలో.

24, మంగళవారం

ఇంట్లో మొదటిసారి సొంతంగా. మా ఆయన కొట్టులోంచి తెచ్చిన గోడ గడియారాన్ని వంటగదిలో తగిలించి పక్కనే నిలబడ్డాడు. పొడిచే ముందు 180 ఉంటుందనుకున్నాను. అనుకున్నాను గానీ ఎక్కడా వేయలేదు.

"టైమెంత?"

"ఆరూ పదమూడు."

6.13. 241.

అరవై ఒకటి తేడా.

సూది దిగినప్పుడు ఈసారి కాస్త నొప్పి తెలిసింది.

లేదు. తెలియలేదు.

నొప్పి తెలిసిందన్న వాక్యం కొట్టేస్తున్నాను. మొత్తం.